మాడువాసన

గత డిసెంబరు సెలవులలో మేము హైదరాబాదునుండి విశాఖపట్టణమునకు విమానమున బోయితిమి. విమానము పైకెగసిన యించుమించు ఇరువది నిమిషములకు మాకు సన్నని మాడువాసన తగిలెను. అది వంటవాసన గాదు. విద్యుత్తీగపై తొడుగు కాలునప్పుడు వచ్చు ఘాటైన వాసన. నలుదెసల జూచితిమి. కొందఱు నిద్రించుచుండిరి, కొందఱు పత్రికలు చదువుచుండిరి. ఎవ్వరి మోమునను కలవరము లేదు. చెప్పినచో నలుగురును నవ్వుదురేమో యని యూరకుంటిమి. బాలురకు ప్రకృతిశాస్త్రము బోధించు మేము ఈ మాట వ్రాయుటకు నేటికిని సిగ్గుపడుచున్నాము.

మా ప్రక్కన నొక వృద్ధురాలు కూర్చుండెను. ఆమెకు విమానప్రయాణ మదియే మొదటిది. ఆమె "ఏటి బాబూ, మాడు వాసనొస్తంది? మా ఇంట్లో మీటరు కాలినప్పుడు ఇలాగే వచ్చింది" అని మాతో ననుచునే చేయెత్తి, "ఇటు రా తల్లీ" అని పరిచారికను గట్టిగా బిలిచెను.

ఆ పరిచారిక నవ్వలేదు. వంగి వాసన జూచి వెంటనే తోడివారిని బిలిచెను. మా ముందువరుసలో నొక యువకుని సంచిలోని పవర్‌బ్యాంకు పొగ విడుచుచుండెను. చూచుచుండగనే చిన్న మంటయు లేచెను. వారు మమ్ము దూరముగా గూర్చుండబెట్టి, మంట నార్పి, విమానము నడుపువారికి ఫోనులో దెలిపిరి. మంట యాఱిన పిదపను ఆ వస్తువుపై నీరు పోయుచునే యుండిరి. లిథియము బ్యాటరీలో నొక భాగపు వేడి ప్రక్క భాగమున కంటి మఱల మండును గావున, ఆర్పుటతో చాలదు, చల్లార్చవలెను. క్షేమముగా విశాఖలో దిగితిమి. అగ్నిమాపక శకటములు మాకై వేచియుండెను.

ఇల్లు చేరిన పిదప ఇట్టి ప్రమాదములను గూర్చి చదివితిమి. 1998 సెప్టెంబరు 2వ తేదీ రాత్రి న్యూయార్కునుండి జెనీవాకు బయలుదేరిన స్విస్ఎయిర్ 111వ విమానమున, నడుపువారికి మొదట దెలిసినది వింతవాసనయే. అది చల్లగాలి యంత్రమునుండి వచ్చుచున్నదని వారు తలంచిరి. నిప్పు పైకప్పు వెనుక కంటికి గానరాక ప్రాకెను. వాసన తగిలిన యించుమించు 20 నిమిషములకే విమానము కెనడా తీరమున సముద్రములో గూలి 229 మంది మరణించిరి. 1983 జూను 2న ఎయిర్ కెనడా 797వ విమానమున మరుగుదొడ్డి ప్రాంతమున నిప్పు పుట్టెను. విమానము సిన్‌సినాటిలో దిగినను, తలుపులు తెఱచిన నిమిషము, నిమిషమున్నరలోనే లోపల మంట యొక్కుమ్మడి వ్యాపించి, 46 మందిలో 23 మంది మృతినొందిరి. 2024 జనవరి 2న టోక్యోలోని హనేడాలో మఱియొక విమానమును ఢీకొని మండిన జపాన్ ఎయిర్‌లైన్స్ విమానమునుండి మాత్రము 379 మందియు బ్రదికి వెలువడిరి. పెక్కండ్రు సంచులను విడిచి, పరిచారకుల మాట వినుటయే వారి క్షేమమునకు ముఖ్యకారణము.

కావున విద్యార్థులారా, విమానమెక్కినప్పుడు తలుపునకెన్ని వరుసలున్నవో లెక్కించుకొనుడు. పొగలో కన్ను పనిచేయకున్నను చేయి లెక్కింపగలదు. వాసన తగిలినచో వెంటనే పరిచారకులకు జెప్పుడు. మీరై పైయఱలు తెఱవకుడు. పొగ క్రమ్మినచో తడిగుడ్డ ముక్కున కడ్డముంచుకొని వంగియుండుడు. దిగుమన్నప్పుడు సామాను ముట్టకుడు.

విమానాశ్రయమున వీడ్కొనునప్పుడు మేమా వృద్ధురాలి నడిగితిమి: "అమ్మా, వాసన వట్టిదైనచో అందఱును నవ్వుదురని మీకు తోచలేదా?" ఆమె మూట చంకనిడుకొని, "నవ్వితే నవ్వుతారు బాబూ, మనకేటి పోద్ది?" అనెను. పాఠములు చెప్పు మాకు ఆనాటి పాఠ మది.