కొమ్మ మాట తప్పదు

కడియపులంకలో మా తాతయ్య పనిచేసే నర్సరీలో ఒక బంగినపల్లి తల్లిచెట్టు ఉండేది. వానలు మొదలయ్యాక దాని చుట్టూ వెదురు మంచెలు వేసి, వాటి మీద టెంక మొలకల కుండీలు పేర్చేవారు. బడి లేనిరోజు నేను అక్కడే ఉండేదాన్ని.

తాతయ్య చాకుతో మొలక కాండం మీదా, తల్లిచెట్టు రెమ్మ మీదా ఒకే పొడవున బెరడు చెక్కేవాడు. చెక్కిన చోట్లు రెండూ ఆనించి అరటినారతో బిగించేవాడు. నార తడిపి అందించడం నా పని. రెండు మూడు నెలలకు అతుక్కున్నాక, అతుకు పైన మొలక తల, అతుకు కింద తల్లి రెమ్మ కోసేస్తే అంటుమొక్క చేతికొచ్చేది.

"టెంకే పాతేస్తే పోదా తాతయ్యా?" అనడిగాను ఓసారి.

"టెంకలో ఏ చెట్టు పుప్పొడి కలిసిందో ఎవరికి తెలుసమ్మా? పీచుకాయ కాసినా కాయొచ్చు. కొమ్మ మాత్రం మాట తప్పదు."

1997లో డాలీ గొర్రె వార్త పేపర్లో చదివినప్పుడు ఆ మాటే గుర్తొచ్చింది. స్కాట్లండ్‌లోని రోస్లిన్ ఇన్‌స్టిట్యూట్‌ వాళ్లు ఒక గొర్రె పొదుగు కణాన్ని, కేంద్రకం తీసేసిన మరో గొర్రె అండంతో కలిపి పిండంగా పెంచారు. అలా 277 సార్లు కలిపితే, 1996 జులై 5న ప్రాణంతో పుట్టింది డాలీ ఒక్కతే. లోకమంతా వింతగా చూసింది. ఆడ, మగ కలయిక లేకుండా ఒకే జీవి నుంచి, అవే జన్యువులతో వచ్చిందే క్లోన్ అయితే, తాతయ్య కట్టిన ప్రతి అంటు కొమ్మా తల్లిచెట్టుకి క్లోనే. పిలక నాటి పెంచే అరటి కూడా అంతే.

ఇవాళ ఏటీఎం కార్డు క్లోన్ చేశారంటాం, ఫోన్ క్లోన్ చేశారంటాం. వాడుకలో క్లోన్ అంటే దొంగ నకలైపోయింది. ప్రాణమున్నవాటికి ఆ అర్థం అంటగట్టడం నాకు నచ్చదు. తాతయ్య మొక్క అమ్మేముందు "మీది ఏ నేలండీ?" అని తప్పకుండా అడిగేవాడు. ఒకే చెట్టు అంట్లు లంక ఒండ్రులో ఒకలా, ఎర్రనేలలో ఒకలా ఎదుగుతాయని ఆయనకు తెలుసు. పైగా అంటు కింద ఉన్న వేరు వేరే టెంకది. డాలీ కూడా పసిపిల్లగానే పుట్టింది, పెరిగింది, 1998లో బోనీ అనే పిల్లను కన్నది, 2003లో పోయింది. జన్యువులు మరో గొర్రెవే అయినా, బతికిన బతుకు మాత్రం పూర్తిగా డాలీదే.