ఆఖరి రూలు

గుంటూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నెట్‌వర్క్ చూసుకునే కుర్రాడు మా ఊరివాడే. "ఆ ఫైర్‌వాల్ ఏమిటో చూపించరా" అని చాన్నాళ్లుగా అడుగుతుంటే మొన్న రమ్మన్నాడు. సర్వర్ గది బయటే చెప్పులు విప్పించాడు, దుమ్ము పనికిరాదట. లోపల ఏసీ చలి, ఫ్యాన్ల హోరు.

"ఇదే అన్నా" అంటూ రాక్‌లో డీవీడీ ప్లేయరంత పెట్టెను చూపించాడు. ఇంటర్నెట్ తీగ ఒకవైపు, కాలేజీ తీగలు మరోవైపు. వచ్చేదైనా పోయేదైనా దీన్ని దాటాల్సిందే.

స్క్రీన్ మీద ఎర్ర వరుసలు ఆగకుండా జారుతున్నాయి, బయటి నుంచి రాబోయి పెట్టె దగ్గర ఆగిపోయినవి. 22, 445, 3389... అన్నీ పోర్టు నంబర్లు, అంటే కంప్యూటర్‌లోకి వెళ్లే తలుపుల నంబర్లు. "మనుషులు కాదన్నా, ప్రోగ్రాములు. రాత్రీ పగలూ అందరి తలుపులూ తోసి చూస్తుంటాయి." 445 ఫైళ్లు పంచుకునే దారి. 2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వన్నాక్రై పాకింది ఆ దారినే. మన రాష్ట్రంలో కొన్ని పోలీసు కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి.

"మరి పిల్లలు చూసే వీడియోలూ బయటివే కదా?"

"లోపలివాళ్లు అడిగారు కాబట్టి వస్తాయి. ఎవరు ఎవరిని అడిగారో ఇది పట్టిక రాసుకుంటుంది. అడగనిది వస్తే పడేస్తుంది."

తర్వాత రూళ్ల జాబితా తెరిచాడు. పెట్టె వాటిని పైనుంచి కిందికి చదువుతుంది. మొదట ఏది సరిపోతే అదే చెల్లుతుంది. హాస్టల్ వైఫై నుంచి మార్కుల సర్వర్‌కు దారి లేదు. అన్నిటికన్నా కింద ఆఖరి రూలు: పైన చెప్పనిదేదీ లోపలికి రాకూడదు.

ఆ రూలు ఉన్నా ఒకసారి దడ పుట్టిందట. అడ్మిషన్లప్పుడు సాఫ్ట్‌వేర్ వాళ్లు రెండు రోజులకని 3389 తెరిపించుకున్నారు. అది దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే దారి. ఇతను ఉద్యోగంలో చేరి చూసేసరికి ఏడాదిన్నరగా తెరిచే ఉంది.

"తెరవమని అందరూ ఫోన్ చేస్తారన్నా. మూసెయ్యమని ఎవరూ చెయ్యరు."

ఇప్పుడు ప్రతి రూలు పక్కనా ఎవరడిగారు, ఎందుకు, ఎప్పటిదాకా అని రాసి పెట్టుకుంటున్నాడు. జేబులో పెన్‌డ్రైవ్‌తో వచ్చేదాన్ని మాత్రం ఈ పెట్టె ఆపలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు.

మీ ఇంటి రూటర్‌లోనూ చిన్న ఫైర్‌వాల్ ఉంటుంది. సీసీ కెమెరా ఫోన్‌లో కనబడాలని ఎవరైనా పోర్టు తెరిచి వెళ్లారేమో, ఒకసారి చూసుకోండి.