పాతకారు - పెట్రోలు గొట్టము

వంటయింటి గ్యాసుగొట్టము పైకి బాగుగనే కనబడుచున్నను, అయిదేండ్లు నిండగనే దానిని మార్పించుట మన వాడుక. పాతకారు గల యింట పెట్రోలు గొట్టమునకును ఈ జాగ్రత్తయే కావలెను.

ఉస్మాన్‌గంజ్‌లోని మా యింట నొక అంబాసిడరు కారు గలదు. ఆ కార్ల తయారీ 2014లో నిలిచిపోయినను, మామగారి జ్ఞాపకముగా దీనిని నిలుపుకొంటిమి. మొన్నటి వేసవిలో, బండి కదలకున్నను వసారాయందు పెట్రోలు వాసన వేయజొచ్చెను. మావారు "పాతబండికి ఇది సహజమే" యనిరి. ఒకవంక తులసికోట దీపము, ఒకవంక బండిచెంతనే పిల్లల యాట! నా మనసొప్పక మెకానిక్కును పిలిపించితిని.

వెనుకటి టాంకు నుండి వచ్చు లోహపుగొట్టము చెక్కుచెదరలేదు. ఇంజను చెంతనున్న రబ్బరుగొట్టములు మాత్రము ఉబ్బియుండెను. వంచినంతనే బీటలు కనబడెను. చెఱకు, ధాన్యము మొదలగువానినుండి తీయు ఇథనాలు నేటి పెట్రోలులో నూటికి 20 పాళ్ల వఱకు కలియుచున్నది. పూర్వపు రబ్బరు దానికోర్వదు; ఇంజను వేడిమి తోడైనచో మఱింత శీఘ్రముగ చెడును. కారిన పెట్రోలునకు నిప్పురవ్వ తగిలిన, బండితోపాటు ప్రాణములకును ముప్పే.

అతడు ఇథనాలునకు చెడని గొట్టములను తెచ్చి, క్రొత్త క్లిప్పులతో బిగించెను. పిదప ఇంజనును కొంతసేపు నడపి, ప్రతి యతుకును పొడిగుడ్డతో నొత్తి చూచెను, తడి యంటలేదు.

పెట్రోలు వాసన పాతదనపు గుణము కాదు, ప్రమాదపు సూచన. దానిని ముందుగా పసిగట్టిన యిల్లాలు మొగమాటపడి యూరకుండరాదు.