లాంచీలో ఉపన్యాసం

పడవలో ఉపన్యాసం పెట్టాలన్న ఆలోచన మొదట ఎవరికి వచ్చిందో గాని, ఆ మహానుభావుడికి శ్రోతల సంగతి బాగా తెలిసుండాలి. మామూలు సభలో అయితే పొయ్యిమీద పాలు పెట్టి వచ్చామనో, పిల్లాడు బడినుంచి వచ్చే వేళయిందనో మెల్లిగా జారుకోవచ్చు. చుట్టూ కృష్ణమ్మ పరుచుకుని ఉంటే ఎక్కడికని జారుకుంటాం చెప్పండి?

పోయిన కార్తీకంలో మా మహిళా సంఘం వాళ్లం నలభైమందిమి నాగార్జునసాగర్ వెళ్లాం. లాంచీలో నాగార్జునకొండ చూసి రావడం, గట్టుమీద ఉసిరిచెట్టు కింద వనభోజనాలు... అదీ కార్యక్రమం. వారం ముందునుంచే మాలో రెండు పార్టీలు బయల్దేరాయి. చరిత్ర తెలిసిన వాళ్లెవరైనా వెంట ఉంటే గాని చూసినదేమిటో బోధపడదని కార్యదర్శిగారి పార్టీ. "ఏడాదికోసారి ఇల్లు కదిలేది పాఠాలు వినడానికటమ్మా? హాయిగా అంత్యాక్షరి, తంబోలా పెట్టుకోక!" అని మా కోశాధికారి పిన్నిగారి పార్టీ. చివరికి పోయేటప్పుడు ఉపన్యాసం, వచ్చేటప్పుడు వినోదం అని రాజీ కుదిరింది.

ఇంకో తగువు కూడా మాతోపాటే లాంచీ ఎక్కింది. రెండేళ్లుగా అప్పడాలు, వడియాలు, ఊరగాయలు అమ్మి కూడబెట్టిన డబ్బుతో ఒక బాలికల హాస్టల్లో చదువుకునే గది కట్టిస్తున్నాం. గోడకు పెట్టే రాతిపలక మీద దాతల పేర్లు వెయ్యాలి కదా! జాబితా తయారై వచ్చింది. చూస్తే అన్నీ మగవాళ్ల పేర్లే. కొన్నిచోట్ల మాత్రం పక్కన "ధర్మపత్ని" అని ఉంది. ఎండలో కాకుల్ని తోలుతూ కూర్చున్నది మేము, రాతికెక్కేది వారూనా అని కొందరం గొణిగాం. "ఆయన పేరుంటే మన పేరున్నట్టు కాదూ?" అని కొందరు సర్దిచెప్పారు.

ఉపన్యాసకులు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మాస్టారు. డెబ్బై దాటిన మనిషి. మైకు పుచ్చుకుని, "అమ్మా, మనం ఇప్పుడు ఒక రాజధాని మీంచి పోతున్నాం" అన్నారు. కబుర్లు కాస్త తగ్గాయి.

3వ శతాబ్దంలో ఇక్కడ ఇక్ష్వాకుల విజయపురి ఉండేదట. 1926లో దాని ఆనవాళ్లు బయటపడ్డాయి. 1955లో సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా గబగబా తవ్వి, దొరికినవి దొరికినట్టు పైకి చేర్చారు. కొన్ని కట్టడాలను కొండమీద, కొన్నింటిని గట్టున అనుపు దగ్గర మళ్లీ నిలబెట్టారు. చుట్టూ నీళ్లొచ్చి కొండ కాస్తా ద్వీపమైంది.

"అనుపులో మెట్లమెట్లుగా కట్టిన ప్రదర్శనశాల ఉంది. కనక వినోద కార్యక్రమం ఆ రోజుల్లోనూ ఉండేదన్నమాట" అన్నారాయన పిన్నిగారి వంక చూసి. పిన్నిగారు గెలిచినట్టు నవ్వారు.

అప్పుడొచ్చింది శాంతిశ్రీ సంగతి. ఆ వంశానికి మూలపురుషుడు శాంతమూలుడు అశ్వమేధం, వాజపేయం చేసిన రాజు. ఆయన తోబుట్టువు శాంతిశ్రీ మాత్రం బుద్ధుడి భక్తురాలు. అన్నగారింట్లో యజ్ఞాలు, చెల్లెలు కట్టించింది స్తూపం! ఒక్క ఇంట్లో రెండు పూజాగదులు పడని మనం వినదగ్గ ముచ్చటే. మేనల్లుడు వీరపురుషదత్తుడి ఏలుబడి ఆరో ఏట మహాచైత్యానికి స్తంభాలు ఎత్తించి, వాటిమీద ప్రాకృతంలో శాసనాలు చెక్కించిందట.

"పేరెవరిది వేయించింది మాస్టారూ?" టక్కున అడిగారు పిన్నిగారు.

"తనదేనమ్మా. ఎవరి తోబుట్టువో, ఎవరి భార్యో అదీ చెప్పుకుంది. ఇచ్చింది మాత్రం నేనని చెప్పుకుంది."

లాంచీ ఇంజను చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. ఆయన బోధిశ్రీ కథ కూడా చెప్పారు. ఆవిడ రాణి కాదు, ఒక ఉపాసిక. సింహళం నుంచి వచ్చిన భిక్షువులకోసం చైత్యగృహం కట్టించి, ఆ నేలమీదే శాసనం వేయించింది. అందులో అటువాళ్లనీ ఇటువాళ్లనీ బంధువులందర్నీ తలుచుకుని పుణ్యంలో వాటా ఇచ్చింది. పుణ్యం పంచిపెట్టింది గాని పేరు పంచిపెట్టలేదు!

"వాళ్లంటే గొప్పింటివాళ్లు. అడిగేదెవరు?" అంది ఒకావిడ.

"మనం వడియాలమ్మాం. మనని మాత్రం అడిగేదెవరు?" అన్నారు కార్యదర్శిగారు. ఆ జాబితా రాయించింది ఆవిడే సుమండీ!

కొండమీద మళ్లీ నిలబెట్టిన మహాచైత్యం చుట్టూ తిరిగాం, మ్యూజియం చూశాం, ఫోటోలూ దిగాం. తిరుగు ప్రయాణంలో అంత్యాక్షరి మొదలైంది గాని, పాట మధ్యలో "నా పేరు ఇలా రాయండి" అంటూ ఒక్కొక్కరే లేచి రావడంతో అది సాగలేదు. తంబోలా చీటీల వెనక పిన్నిగారు కొత్త జాబితా రాశారు. ఆ వడియాల కొలత తన అత్తగారిదని, పోయిన ఆవిడ పేరు కూడా వెయ్యమంది ఒక కోడలు. ఒకావిడ మాత్రం తన భర్త పేరే ఉంచమంది. "అది నా ఇష్టం" అంది. నిజమే, ఆవిడ ఇష్టమే. ఎవరం బలవంతపెట్టలేదు.

నా వంతు వచ్చేసరికి ఇంటిపేరు దగ్గర ఆగాను. పుట్టింటిదా, మెట్టినింటిదా? ఎటూ తేల్చుకోలేక ఉత్త పేరు రాయించాను.

సంక్రాంతికి రాయి నిలబెట్టారు. మావారు వచ్చి కళ్లజోడు సవరించుకుని పైనుంచి కిందిదాకా చదివారు. నేను ఊపిరి బిగపట్టి నిలబడ్డాను.

"అక్షరాలు ఇంకాస్త పెద్దవి చెక్కించాల్సింది. నీ పేరు వెతుక్కోవలసి వచ్చింది" అన్నారు.