కదలని బల్లలు

సికింద్రాబాదులోని ఒక డిగ్రీ కళాశాలలో నేను చాలాకాలం భౌతికశాస్త్రం బోధించాను. ఆనాటి నా తరగతి గది ఇప్పటికీ కళ్లకు కట్టినట్లుంటుంది. ఎదుట చెక్క వేదిక, దాని వెనుక నల్లబల్ల, వేదికకు అభిముఖంగా పన్నెండు వరుసల పొడవైన బల్లలు. ఆ బల్లలన్నీ ఇనుప పట్టీలతో నేలకు బిగించి ఉండేవి. అరవైమంది విద్యార్థులకూ నా ముఖం కనిపించేది. వారికి ఒకరి ముఖం ఒకరికి కనిపించేది కాదు. ముందున్నవారి వీపులే వెనుకనున్నవారి లోకం. తరగతి అంటే అంతేనని నేనూ అనుకొనేవాడిని.

ఒక ఏడాది వానాకాలంలో ఆ గది పైకప్పు కురవసాగింది. మరమ్మతు ముగిసేవరకు మూడు వారాలపాటు వరండాలో పాఠం చెప్పవలసి వచ్చింది. అక్కడ బల్లలు లేవు. కొన్ని కుర్చీలు, రెండు జంపఖానాలు దొరికాయి. విద్యార్థులు తమకు తోచినట్లు గుంపులుగా కూర్చున్నారు. నల్లబల్ల కూడా లేనందున ప్రతి గుంపుకూ ఒక దారం, ఒక రాయి ఇచ్చి, “లోలకం పొడవును నాలుగు రెట్లు చేస్తే డోలనకాలం ఎంతవుతుందో మీరే కనుక్కోండి” అన్నాను.

ఆ తరగతిలో చివరి బల్లపై కూర్చొనే ఒక అమ్మాయి ఉండేది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చింది. హాజరు పిలిచినప్పుడు తప్ప ఆమె గొంతు నేనెన్నడూ వినలేదు. ఆనాడు ఆమె తన గుంపులోని వారితో వాదిస్తోంది. “నాలుగు రెట్లు కాదు, రెండు రెట్లే. మళ్లీ లెక్కపెట్టి చూడండి” అంటోంది. వారు లెక్కపెట్టి చూశారు. ఆమె మాటే నిజమైంది. నేను స్తంభం పక్కన నిలబడి ఆశ్చర్యంతో విన్నాను.

మరమ్మతు పూర్తయింది. మేము పాత గదికి మరలి వెళ్లాము. ఆ అమ్మాయి చివరి బల్లకూ, పాత మౌనానికీ మరలి వెళ్లింది. సంవత్సరాంత పరీక్షలో తప్పింది. “వరండాలో అంత చక్కగా చెప్పావు కదమ్మా, ఏమైంది?” అని అడిగాను. ఆమె తలవంచుకొని, “అక్కడ సందేహం వస్తే పక్కవాళ్లను అడిగేదాన్ని సార్. ఇక్కడ మిమ్మల్నే అడగాలి. అడగాలంటే అందరి ముందూ లేచి నిలబడాలి” అన్నది. మరుసటి ఏడాది ఆమె కళాశాలకు రాలేదు.

ఆ మాట నన్ను చాలాకాలం వేధించింది. విద్యలో ఒక పాలు గురువు వలన, ఒక పాలు సహాధ్యాయుల వలన లభిస్తుందని మన పెద్దలు చెప్పేవారు. పల్లెలోని రచ్చబండ దగ్గర కూడా మనుషులు ఎదురెదురుగా కూర్చొనే మాట్లాడుకొంటారు. మన తరగతి గది మాత్రం సహాధ్యాయులను ఒకచోట చేర్చి కూడా వారిని ఒకరికొకరిని దూరంగానే ఉంచింది.

ఉపన్యాసానికి విలువ లేదని నా భావం కాదు. 1893 ఫిబ్రవరి 13న మన సికింద్రాబాదులోని మహబూబ్ కళాశాలలో స్వామి వివేకానంద ప్రసంగించారు. అటువంటి మహావక్త మాట్లాడేటప్పుడు వేలమందైనా ఒకే దిక్కుకు తిరిగి వినవలసిందే. కాని ప్రతి దినం, ప్రతి గంటా వినడమే చదువు కాజాలదు.

ఈ సంగతిని లోకంలో పలువురు గుర్తించారు. మదనపల్లె సమీపాన ఉన్న రిషివ్యాలీ సంస్థ తన గ్రామీణ పాఠశాలల్లో పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విభజించి, పిల్లలు గుంపులుగా కూర్చొని ఎవరి వేగాన వారు నేర్చుకొనే పద్ధతిని రూపొందించింది. 1990ల దశకంలో అమెరికాలోని నార్త్ కరొలీనా స్టేట్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ బైక్నర్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు గుండ్రని బల్లల తరగతిని నెలకొల్పాడు. ఒక్కొక్క బల్ల చుట్టూ తొమ్మిదిమంది, ముగ్గురేసి చొప్పున మూడు జట్లు. ఆచార్యుడు బల్లల నడుమ తిరుగుతూ ఉంటాడు. మసాచుసెట్స్‌లోని ఎం.ఐ.టి. ఇటువంటి పద్ధతినే చేపట్టినప్పుడు 2003లో కొందరు విద్యార్థులే వ్యతిరేకించారు. అయినా తరువాత పరీక్ష తప్పేవారి సంఖ్య తగ్గింది.

నేను మా ప్రిన్సిపాల్ గారిని కలిసి, “బల్లలకున్న పట్టీలు విప్పించండి” అని వేడుకొన్నాను. “పరీక్షల సమయంలో వరుసలు చెదిరితే ఎలా?” అన్నారు ఆయన. ఆ ప్రశ్న న్యాయమైనదే. నాలుగు రోజులు ఆలోచించి, బల్లల కాళ్లు ఉండవలసిన చోట నేలపై పసుపు రంగు గుర్తులు వేయిస్తే సరిపోతుందని విన్నవించాను. ఆయన అంగీకరించారు. వడ్రంగి మేస్త్రీ ఒక్క దినంలో పట్టీలు విప్పాడు. చప్పుడు కాకుండా కాళ్లకు రబ్బరు తొడుగులు వేశాడు. పక్క గోడలకు కూడా నల్లబల్లలు అమర్చాము. పాఠం ముగిశాక విద్యార్థులే ఐదు నిమిషాలలో బల్లలను గుర్తుల మీదికి జరిపేవారు.

బల్లలు కదిలినంత మాత్రాన చదువు దానంతటదే కదలలేదు. తొలి వారాలలో గది సంతలా మారింది. ప్రతి జట్టులోనూ ఒకరు పని చేస్తే తక్కినవారు చూస్తూ కూర్చొన్నారు. అప్పుడు జట్టులో ఒకరు కొలవాలని, ఒకరు రాయాలని, ఒకరు వివరించాలని, ప్రతివారం పనులు మార్చుకోవాలని నియమం పెట్టాను. నేనూ మారవలసి వచ్చింది. జవాబు చెప్పడం కన్నా మంచి ప్రశ్న సిద్ధం చేయడమే కష్టమని తెలిసివచ్చింది.

క్రమంగా చివరి బల్ల అనేది లేకుండాపోయింది. గోడ దగ్గరి నల్లబల్లపై సుద్దముక్కతో లెక్క చేస్తూ, “ఇది తప్పేమో, మళ్లీ చూద్దాం” అని ఒకరితో ఒకరు అనుకొనే విద్యార్థులను చూసినప్పుడల్లా నాకు ఆ అమ్మాయే గుర్తుకువచ్చేది. ఆమెకు తెలివి లేక కాదు, తెలివిని పలికించే చోటు లేక ఓడిపోయింది. ఆ పట్టీలను ఒక్క ఏడాది ముందు విప్పించి ఉంటే బాగుండేదని నేటికీ అనుకొంటాను.