నాలుగో స్థానం

వాలీబాల్ క్రీడలో ఒక కఠినమైన నియమం ఉంది. బంతిని ఎవరూ చేతిలో నిలుపుకోరాదు. వల వద్ద అడ్డుకొన్నప్పుడు తప్ప ఒకరే వరుసగా రెండుసార్లు తాకరాదు. ఫుట్‌బాల్‌లో ఒక్కడే బంతిని నడిపించుకొంటూ పోయి గోలు చేయవచ్చు. ఇక్కడ అది కుదరదు. ఎంతటి ప్రతిభావంతురాలైనా తోటివారు అందించిన బంతినే కొట్టాలి. ప్రపంచంలోనే మేటి అనిపించుకొని కూడా ఒలింపిక్ పతకం లేకుండానే నిష్క్రమించిన దక్షిణ కొరియా క్రీడాకారిణి కిమ్ యోన్‌కుంగ్‌ను తలచుకొన్నప్పుడల్లా నాకు మొదట ఈ నియమమే స్ఫురిస్తుంది.

ఆమె 1988 ఫిబ్రవరి 26న అన్సాన్ నగరంలో జన్మించింది. ముగ్గురు అక్కచెల్లెళ్లలో కడగొట్టుది. పెద్దక్క ఆడుతుండగా చూసి తానూ బంతి పట్టింది. అయితే బాల్యంలో ఆమె పొట్టిపిల్ల. వల దగ్గర ఎగిరి కొట్టే అవకాశం పొడవైన పిల్లలకే దక్కేది. అందువల్ల ఆమె వెనుక వరుసలో నిలిచి, నేలను తాకబోయే బంతిని లేపడం, దానిని ఇతరులకు అనువుగా అందించడం అభ్యసించింది. ఉన్నత పాఠశాలలో ఉండగా ఇరవై సెంటీమీటర్లకు పైగా పెరిగింది. చివరకు 192 సెంటీమీటర్ల ఎత్తుకు చేరింది. పొడగరులకు నేలబారు బంతి అంటే సాధారణంగా బెదురు. ఈమెకు ఆ బెదురు లేదు. పొట్టిగా ఉన్న ఆ కొద్ది సంవత్సరాలే ఆమెకు దొరికిన గొప్ప శిక్షణ అని నా నమ్మకం.

2005లో హుంగ్‌కుక్ జట్టులో చేరి వృత్తి క్రీడాకారిణి అయింది. ఆ తొలి సంవత్సరమే జట్టుకు విజేత స్థానం, ఆమెకు ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం లభించాయి. 2009లో జపాన్‌కు, 2011లో టర్కీలోని ఫెనర్‌బాచే జట్టుకు వెళ్లింది. 2012లో ఆ జట్టు ఐరోపా ఛాంపియన్స్ లీగ్ గెలిచినప్పుడు ఉత్తమ క్రీడాకారిణి ఆమెయే.

సరిగ్గా అప్పుడే ఒక చిక్కు వచ్చి పడింది. స్వదేశంలో ఆరు సీజన్లు ఆడినవారికే జట్టు మారే స్వేచ్ఛ ఉంటుందని నిబంధన. ఆమె ఆడినవి నాలుగు. విదేశాల్లో ఆడిన కాలం లెక్కలోకి రాదనీ, ఆమెను తాము అరువుగా మాత్రమే పంపామనీ పాత జట్టు వాదించింది. తన ఒప్పందం ముగిసిందని ఆమె వాదించింది. వివాదం అంతర్జాతీయ సమాఖ్య దాకా వెళ్లింది. నిబంధనల పుస్తకంలో ఏమున్నా, అరువు అనే మాట మనిషికి వాడటం నాకు ఎన్నడూ రుచించలేదు.

ఆ ఏడాదే లండన్ ఒలింపిక్స్ జరిగాయి. తర్వాత స్వర్ణం గెలుచుకొన్న బ్రెజిల్‌ను కొరియా తొలి దశలో వరుసగా మూడు సెట్లలో ఓడించింది. 1976లో మాంట్రియల్‌లో వచ్చిన కాంస్యం మళ్లీ వస్తుందని దేశమంతా ఆశించింది. కాని కాంస్య పోటీలో జపాన్ చేతిలో ఓటమి ఎదురైంది. కిమ్ మొత్తం 207 పాయింట్లు సాధించింది. నాలుగో స్థానంలో నిలిచిన జట్టు నుంచి ఆమెను ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపిక చేశారు. పతకం లేని మెడకు ఇంతటి గౌరవం దక్కడం అరుదు.

షాంఘైలో ఒక సీజన్, మళ్లీ టర్కీలో రెండు సీజన్లు ఆడి 2020లో ఆమె స్వదేశానికి తిరిగి వచ్చింది. జట్టు మొత్తం జీతాలకు పరిమితి ఉన్నందున, తన వల్ల చిన్నవారి జీతాలు తగ్గరాదని 35 కోట్ల వోన్‌లకే ఒప్పుకొంది. విదేశాల్లో ఆమె సంపాదనతో పోలిస్తే అది స్వల్పం.

కరోనా వల్ల 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో జపాన్‌తో పోటీని నేను టెలివిజన్‌లో చూశాను. అయిదో సెట్టులో కొరియా 12-14తో వెనుకబడింది. ఇంకొక్క పాయింటు పోతే ఆట ముగిసినట్టే. అక్కడి నుంచి వరుసగా నాలుగు పాయింట్లు సాధించి 16-14తో గెలిచారు. క్వార్టర్ ఫైనల్లో టర్కీ కూడా అయిదు సెట్లు పోరాడి ఓడింది. ఆ రోజుల్లోనే టర్కీ అడవులు దావానలంలో తగలబడుతున్నాయి. కొరియా అభిమానులు కిమ్ పేరిట అక్కడికి మొక్కలు విరాళమిచ్చారు. ఆమె అన్నేళ్లు ఆడిన దేశం కదా! ఒక క్రీడాకారిణి అంతర్జాతీయ జీవితానికి ఇంతకన్న పచ్చని ఆనవాలు నాకు తోచదు.

సెమీఫైనల్లో బ్రెజిల్, కాంస్య పోటీలో సెర్బియా గెలిచాయి. మళ్లీ నాలుగో స్థానమే. ఆమె జాతీయ జట్టు నుంచి వైదొలగింది.

హుంగ్‌కుక్‌తో మాత్రం ఇంకా లెక్క మిగిలింది. 2023లో తుదిపోరులో మొదటి రెండు పోటీలు గెలిచి, తర్వాతి మూడూ ఓడిపోయారు. మరుసటి ఏడాదీ తుదిపోరులో ఓటమే. 2025 ఏప్రిల్ 8న తుదిపోరు మరల అయిదో పోటీకి, ఆ పోటీ అయిదో సెట్టుకు చేరింది. 37 ఏళ్ల కిమ్‌కు అదే చివరి ఆట అని అందరికీ తెలుసు. ఆ రాత్రి ఆమె 34 పాయింట్లు సాధించింది, జట్టు గెలిచింది. ఆమె పక్కన నిలిచి ఆడినవారిలో కొందరు, ఆమె వృత్తి జీవితం ఆరంభించేనాటికి అక్షరాభ్యాసం కూడా కాని పసివారు.