కొండకొమ్మున మంచె

పైరును కాచుటకు రైతు చేనిలో మంచె కట్టుకొనును. అడవిని కాచుటకు అమెరికా దేశమువారు కొండశిఖరములనే మంచెలుగా చేసికొనిరి. వాషింగ్టన్ రాష్ట్రమున, కాస్కేడ్ పర్వతములలో, హిడెన్ లేక్ అను సరస్సునకు పైనున్న చిన్న కొయ్యగది అట్టిదే. 1931లో కట్టిన ఆ గది సుమారు 6,900 అడుగుల ఎత్తున నున్నది.

అచ్చటికి కాలిబాట సుమారు 4 మైళ్లు. ఆ కొద్ది దూరములోనే 3,000 అడుగులకు పైగా ఎక్కవలెను. మొదట చిక్కని అడవి, పిదప పూలతో నిండిన పచ్చికబయళ్లు, ఆపైన రాతిగుట్టలు. పథికుడు అలసి సొలసి కనుమను చేరునప్పటికి, అంతవరకు కొండచాటున దాగిన సరస్సు లోయలో తటాలున కన్నులబడును. 'దాగిన సరస్సు' అను పేరు దానికి తగియున్నది. సరస్సును చూచి తృప్తిపడిన పథికుడు తలయెత్తగా, కొమ్మున గది కానవచ్చును. ఇంత ఎత్తున ఈ గది యేల?

1910 ఆగస్టులో ఐడహో, మొంటానా, వాషింగ్టన్ రాష్ట్రములలో కార్చిచ్చు చెలరేగెను. రెండు దినములలో సుమారు 30 లక్షల ఎకరముల అడవి దగ్ధమయ్యెను. 80 మందికి పైగా అసువులు బాసిరి. నిప్పును చిన్నదిగా నున్నప్పుడే కనిపెట్టవలెనని నాడు అందరును గ్రహించిరి. అటుపిమ్మట శిఖరములపై కావలిగదులు విరివిగా వెలసెను.

గదికి నాలుగువైపుల అద్దపు కిటికీలు. నడుమ బల్లపై ఆ ప్రాంతపు పటము, దానిచుట్టు డిగ్రీల గుర్తులుగల వలయము. పొగ కానవచ్చినంతనే కావలివాడు వలయమును త్రిప్పి, గురిచూచి, అది ఏ దిక్కున నున్నదో కార్యాలయమునకు తెలిపెడివాడు. మరియొక శిఖరమునుండి చూచిన రేఖ ఈ రేఖను ఖండించుచోటనే నిప్పున్నదని నిర్ణయించెడివారు. పిడుగులు పడువేళ కావలివాడు గాజుకాళ్ల పీటపై నిలిచెడివాడు.

విమానములు, కెమెరాలు వచ్చిన పిదప ఇట్టి గదులు పెక్కు మూతపడినవి. కొన్ని మంటలు అడవికి మేలును చేయునని నేడు శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. అయినను ఏ మంట మేలు చేయునో, ఏది ఊళ్లను కబళించునో తెలియవలెనన్న మెలకువగల కన్ను అవసరమే.

వేసవియంతయు ఒంటరిగా నుండి, దినదినము ఆ కొండలనే చూచిన కావలివానికి పేరుప్రతిష్ఠలు లేవు. ఏ ఉపద్రవమును జరుగకుండుటయే వాని విజయము. జరుగని కీడును ఎవరును లెక్కింపరు. ఆ సంగతి నెరిగియు తన పనిని శ్రద్ధతో చేసినవాడే నిజమైన కావలివాడు.